కంపనాన్ని అంకెలుగా మార్చే పెట్టె

తిరిగే ప్రతి యంత్రమూ ఎంతో కొంత కంపిస్తుంది. స్క్రూడ్రైవర్ మొనను బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పగల ఫిట్టర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చెవి మీద నాకెంతో గౌరవం. అయితే ఆ చెవి విన్నదాన్ని కాగితం మీద పెట్టలేం, నిరుటి చప్పుడుతో పోల్చి చూడలేం. ఎంత కంపిస్తే ప్రమాదమో 1939లో అమెరికాలో టి.సి. రాత్‌బోన్ అంకెల్లో చెప్పాడు. ఏ వేగం దగ్గర ఎంత కంపనాన్ని సహించవచ్చో చూపే పటం గీసి ప్రచురించాడు. ఆయన యంత్రాలకు బీమా చేసే కంపెనీ ఇంజనీరు.

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. డెన్మార్క్‌లో బ్రూయెల్ అండ్ కెయర్ సంస్థ ఆ సూత్రంతో 1943లో కంపనాన్ని పట్టే సెన్సార్, అంటే యాక్సిలరోమీటర్, తయారుచేసింది. తర్వాత అమెరికాలో డొనాల్డ్ బెంట్లీ, షాఫ్టును తాకకుండానే దాని కదలికను పట్టే ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌ను పరిశ్రమలకు అలవాటు చేశాడు. కానీ సెన్సార్ ఇచ్చేది ఊగే వోల్టేజీ మాత్రమే. దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మార్చేది డేటా అక్విజిషన్ కార్డు. ఆ అంకెల్లోంచి పౌనఃపున్యాలను త్వరగా విడదీసే లెక్కను 1965లో కూలీ, టూకీ ప్రచురించారు. 1024 అంకెలకు పది లక్షలకు పైగా గుణకారాలు పట్టేచోట పదివేల స్థాయిలో సరిపోయాయి. పెట్టెకు అప్పుడే ప్రాణం వచ్చింది.

ఈ కార్డు కొనేటప్పుడు అందరి కళ్లూ బిట్ల మీదే: పదహారా, ఇరవై నాలుగా? నా దృష్టిలో అంతకన్నా ముందు అడగవలసింది ఫిల్టర్ గురించి. నిమిషానికి సరిగ్గా 1500 చుట్లు తిరిగే షాఫ్టు మీద 31 పళ్ల గేరు ఉందనుకోండి. షాఫ్టు సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది, పళ్లు 775 సార్లు కలుస్తాయి. ఫిల్టర్ లేని కార్డు సెకనుకు 800 శాంపిళ్లు తీస్తే, ఆ 775 హెర్ట్జ్‌ల కంపనం 800లోంచి పోగా మిగిలిన 25 దగ్గర తేలుతుంది. అంటే సరిగ్గా షాఫ్టు వేగం మీదే! చూసినవాళ్లు రోటర్ బరువు ఒక పక్కకు ఒరిగిందనుకుని బ్యాలెన్సింగ్‌కు దిగుతారు. జబ్బేమో గేరుది. ఒకసారి అంకెలయ్యాక ఆ అబద్ధాన్ని ఆ అంకెల్లోంచే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇలా మారువేషం వేసే ఎక్కువ పౌనఃపున్యాలను ఆపే యాంటీ ఎలియాసింగ్ ఫిల్టర్, వోల్టేజీ అంకెలుగా మారే చోటుకు ముందే ఉండాలి. ఏ ఫిల్టరూ గీత గీసినట్టు తెగ్గొట్టలేదు గనక, చూడదలచిన గరిష్ఠ పౌనఃపున్యానికి 2.56 రెట్ల వేగంతో శాంపిళ్లు తీయడం ఆనవాయితీ. బాల్ బేరింగులో పగులు తొలిదశలో వేల హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. 10,000 హెర్ట్జ్‌ల దాకా చూడాలంటే సెకనుకు 25,600 శాంపిళ్లు కావాలి.

పెద్ద టర్బైన్ల సంగతి వేరు. రామగుండం థర్మల్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు 20 మిల్లీసెకన్లు. ఇలాంటి షాఫ్టు చమురు పొర మీద తేలుతుంది. ఆ పొర అదుపు తప్పితే షాఫ్టు తన వేగంలో సగానికి కాస్త తక్కువగా సుడి తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని చూడటానికి 90 డిగ్రీల ఎడంతో రెండు ప్రోబులు పెడతారు. చవక కార్డు వాటిని వంతులవారీగా చదువుతుంది. మధ్యలో ఒక్క మిల్లీసెకను ఆలస్యమైతే 18 డిగ్రీల తప్పు, షాఫ్టు కేంద్రం గీసే కక్ష్య ఆకారమే మారిపోతుంది. ఇక్కడ అన్ని చానళ్లూ ఒకే క్షణంలో చదివే కార్డే కావాలి.

ఈ ప్రోబులు సాధారణంగా మైనస్ 10 వోల్టుల చుట్టూ పనిచేస్తాయి. షాఫ్టు బేరింగులో ఎక్కడ కూర్చుందో చెప్పేది ఆ స్థిర వోల్టేజీయే. యాక్సిలరోమీటర్ల కోసం చేసిన కార్డుల్లో చాలావాటి పరిధి 5 వోల్టులే, పైగా స్థిర భాగాన్ని వడకట్టి పారేస్తాయి. బేరింగు ఏ రకమో తెలియకుండా కార్డు కొనకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

2009 ఆగస్టు 17న రష్యాలోని సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రంలో రెండో యూనిట్ బద్దలై 75 మంది చనిపోయారు. టర్బైన్ బేరింగు దగ్గర కంపనం 160 మైక్రాన్ల హద్దును ఎన్నో రెట్లు దాటినా యంత్రాన్ని ఆపలేదు. హద్దు మీరితే ఆపే బాధ్యతను విశ్లేషణ కోసం కొన్న కార్డుకు అప్పగించకూడదు. దానికి విడిగా రక్షణ వ్యవస్థ ఉండాలి. చమురు, గ్యాస్ పరిశ్రమలో అలాంటి వ్యవస్థలకు ఎపిఐ 670 ప్రమాణం 1976లోనే వచ్చింది. మన కార్డును ఆ రక్షణ వ్యవస్థ ర్యాక్ ముందు పలక మీదుండే బఫర్డ్ అవుట్‌పుట్‌లకు తగిలించాలి. అప్పుడు మన కేబుల్ షార్టయినా, కంప్యూటర్ నిలిచిపోయినా యంత్రాన్ని ఆపే ట్రిప్ సర్క్యూట్ తన పని తాను చేస్తుంది.