సన్నబడే సూది

మొన్న కామాటిపురాలో మా అక్కయ్య ఇంటికి వెళ్ళేసరికి, ఆమె పొరుగింటి ఫ్రిజ్జులోంచి ఒక చిన్న పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకు ఇంగ్లీషు వచ్చు గదా తమ్ముడూ, ఇందులో కాగితం చదివి చెప్పు. పిల్ల లగ్నం నాలుగు నెలల్లో ఉంది" అన్నది. వారానికొకసారి వేసుకునే వెగోవీ సూది అది. మందుల దుకాణం వాడు డాక్టరు చీటీ అడగకుండానే ఇచ్చాడట!

మన తాతలు ఈ ఊరికి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవారు, మిల్లుల్లో నిలబడి పాటుపడినవారు. వారికి పొట్ట అంటే ఆకలి వేసే చోటే. మనం కుర్చీల్లో కూర్చున్నాము; పొట్ట వచ్చింది, వెనుకనే షుగరూ వచ్చింది. నాకూ ఉన్నది లెండి.

సూది బూటకం కాదు. అన్నం తిన్నప్పుడు పేగుల్లో పుట్టే ఒక హార్మోను వలె పనిచేసి ఆకలి తగ్గిస్తుంది. కడుపు నిదానంగా ఖాళీ అయేట్టు చేస్తుంది. 2021లో వెలువడిన ఒక పరీక్షలో 68 వారాలు వాడినవారు సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారు. మానివేసిన ఏడాదిలో, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నాలుగు నెలల ముచ్చట కాదన్నమాట. ఖర్చో? మౌంజారో అనే మరో మందు 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు; నెలకు నాలుగు కావాలి.

కాగితంలో ఆవగింజలంత అక్షరాలు. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుమార్లు భాగిస్తే కనీసం 30 రావాలి. రక్తపుపోటో షుగరో ఉంటే 27 చాలు. మేనకోడలు 64 కిలోలు, ఎత్తు 1.58. లెక్క వేస్తే 25.6 వచ్చింది. వాంతులు, మలబద్ధకం సంగతి చదువుతుంటే అక్కయ్య వింటూనే ఉన్నది. బిడ్డ కావాలనుకునే స్త్రీ కనీసం రెండు నెలల ముందే ఈ మందు మానాలని చదివేసరికి కాగితం లాక్కుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది. పెళ్ళైన ఏడాదికల్లా మనుమణ్ణి ఎత్తుకోవాలని ఆమె కోరిక.

"మరి పెళ్ళికొడుకు పొట్టకి సూది ఎవరు వేయిస్తారు, మామయ్యా?" అన్నది మేనకోడలు.

అక్కయ్య నవ్వలేదు. మరునాడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. పెట్టె మాత్రం ఇంకా పొరుగింటి ఫ్రిజ్జులోనే ఉంది. దుకాణం వాడు తిరిగి పుచ్చుకోనన్నాడు.