పరీక్ష కాగితం మిగిలింది... పెట్రోలు కాలింది!

సారపాక: జామాయిల్ దుంగల లారీ ఎటు పోతోందని అడిగితే, పేపరు మిల్లుకేనని మన జిల్లాలో చిన్న పిల్లవాడైనా చెబుతాడు. రేపు పదో తరగతిలో తాను రాయబోయే జవాబు పుస్తకం కూడా అలాంటి కలప గుజ్జు నుంచే వస్తుందని మాత్రం వాడికి తట్టదు.

ఎంసెట్‌ను మన రాష్ట్రంలో 2018 నుంచి కంప్యూటర్ మీదే నిర్వహిస్తున్నారు. 160 ప్రశ్నలూ తెర మీదే వస్తాయి. ప్రశ్నపత్రాల కట్టలు, ఓఎంఆర్ పత్రాలు పోయాయి. ఇప్పుడు ఈఏపీసెట్‌గా పేరు మారినా పద్ధతి అదే. పదో తరగతికి మాత్రం ఇప్పటికీ కలం, కాగితమే దిక్కు.

ఆ కాగితం ఎంతో చూద్దాం. 2025 నుంచి ఇస్తున్న జవాబు పుస్తకం 24 పేజీలు. ఆరు సబ్జెక్టులకు 144 పేజీలు, అంటే 72 ఆకులు. ఆకు 4 గ్రాములనుకుంటే విద్యార్థికి 288 గ్రాములు. రాష్ట్రంలో రాసేవారు దాదాపు 5 లక్షల మంది. మొత్తం 144 టన్నులు! ప్రశ్నపత్రాలు దీనికి అదనం.

చెట్టు కంటే నీరే ఎక్కువ

టన్ను కాగితానికి రెండు టన్నులకు పైగా కలప కావాలి. అయితే కాగితం మిగిలితే అడవి మిగిలినట్టేననడం సగం నిజమే. ఒకప్పుడు మిల్లులకు అడవి వెదురు పోయేది. నేడు పోతున్న జామాయిల్, సుబాబుల్ చాలావరకు రైతు పండించినవే. జామాయిల్ నాలుగైదేళ్లకు నరికితే మోడు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది.

అసలు ఆదా నీటిలో, ఇంధనంలో ఉంది. కలప ముక్కలను రసాయనాలతో ఉడికించాలి, కడగాలి, తెల్లబరచాలి, ఆవిరితో ఆరబెట్టాలి. టన్ను కాగితానికి పదుల వేల లీటర్ల నీరు పడుతుంది. వాడిన నీటిని శుద్ధి చేయడం మరో ఖర్చు.

కంప్యూటర్‌కూ ఖర్చుంది

కంప్యూటర్‌కు కరెంటు కావాలి. ఆ కరెంటు కోసం పాల్వంచలో బొగ్గు కాలుతోంది. పాడైన కంప్యూటర్లలో సీసం వంటి విషపదార్థాలుంటాయి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ప్రయాణానిది. పదో తరగతి కేంద్రం మండలంలోనే దొరుకుతుంది. కంప్యూటర్ పరీక్షకు చర్ల, దుమ్ముగూడెం పల్లెల పిల్లలు పట్నం దారి పట్టాల్సిందే. తండ్రి మోటారు సైకిలుపై రానూపోనూ 150 కిలోమీటర్లు తిప్పితే మూడు లీటర్ల పెట్రోలు అవుతుంది. లీటరు కాలితే రెండు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. గ్రాముల లెక్కన కాగితం మిగిల్చి, కిలోల లెక్కన పొగ వదిలినట్టయింది!

కేంద్రం దగ్గరుంటేనే లాభం

టిక్కు పెట్టే పరీక్షకు కంప్యూటర్ బాగుంది. పేజీలకు పేజీలు తెలుగులో జవాబు రాయాల్సిన పదో తరగతి పిల్లలను టైపు కొట్టమనడం న్యాయం కాదు. అక్కడ దిద్దిన జవాబు పుస్తకాలను గడువు తీరాక గోదాముల్లో చెదలకు వదలకుండా తిరిగి గుజ్జుకు పంపితే చాలు, కొంత కలప మిగులుతుంది.

కంప్యూటర్ పరీక్షలకు మాత్రం మండల కేంద్రాల్లోని కళాశాలల్లోనే మంచి కంప్యూటర్లు, ఆగని కరెంటు ఏర్పాటు చేయాలి. అప్పుడే కాగితంతోపాటు పెట్రోలూ మిగులుతుంది. పల్లె విద్యార్థికి పరీక్ష ముందు రాత్రి నిద్రా మిగులుతుంది. అధికారులు ఈ దిశగా ఆలోచించాల్సి ఉంది.