నేలను బట్టి టైరు
(జీపులకూ, జీపు తరహా బండ్లకూ చక్రాలు ఎన్నుకోవడం)

ఎడ్లబండి కాలంలో చక్రం సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇరుసుకు కందెన ఎప్పుడు పెట్టాలో, ఇనుప పట్టా ఎప్పుడు వదులయిందో పిల్లలు కూడా చెప్పేవారు. 1947లో మహీంద్రావారు మన దేశంలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టాక చాలాకాలం జీపంటే అధికారులదీ, కాంట్రాక్టర్లదీ. ఇప్పుడు బొలెరో, థార్, జిమ్నీ సంసారుల వాకిళ్ళలోకి వచ్చాయి. కోరాపుట్ కొండల్లోనూ, హోసూరు పొలాల్లోనూ, షోలాపూర్ చేలగట్ల మీదా మనవాళ్ళు వాటిలోనే తిరుగుతున్నారు. బండి కొనేటప్పుడు పదిమందిని అడుగుతాం. టైర్లు మార్చేటప్పుడు మాత్రం దుకాణందారు ఏది చూపితే అదే వేయించుకుంటాం.

ఇది చిన్న విషయం కాదు. ఎంత పెద్ద బండి అయినా నేలకు ఆనేది నాలుగు చోట్లే. ఒక్కొక్క చోటు ఇంచుమించు మన చెయ్యి పరచినంత. ఘాట్ దిగుతున్నప్పుడు ఇంటిల్లిపాది ప్రాణమూ ఆ నాలుగు చోట్ల మీదే ఉంటుంది.

అంకెలు చదవడం

బొలెరో టైరు మీద 215/75 ఆర్15 అని ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్బయి అయిదు వంతులు, అంటే సుమారు 161 మి.మీ. 'ఆర్' అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. పైన 161, కింద 161, మధ్య రిమ్ము 381 కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మి.మీ. ఈ లెక్క తెలిస్తే ఏ దుకాణంలోనైనా మీరే కూడుకుని చూసుకోవచ్చు.

దాని పక్కనే ఒక సంఖ్య, ఒక అక్షరం ఉంటాయి. సంఖ్య బరువుకు గుర్తు. 95 అంటే ఒక టైరు 690 కిలోలు, 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900 కిలోలు మోయగలదు. అక్షరం వేగానికి గుర్తు. ఎస్ అయితే గంటకు 180 కిలోమీటర్లు, టి అయితే 190. బండితో వచ్చిన టైరు కంటే ఈ రెండూ తక్కువ ఉన్నది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు.

మన నేలలు

జీపు టైర్లు ముఖ్యంగా మూడు రకాలు. తారురోడ్డు కోసం చేసినవి హెచ్.టి. రోడ్డుకూ మట్టిబాటకూ కలిపి చేసినవి ఎ.టి. బురద కోసం పెద్ద పెద్ద దిమ్మెలతో చేసినవి ఎం.టి. వీటినే కొందరు బటన్ టైర్లంటారు. ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. ఏ నేలకు అని అడగాలి.

షోలాపూర్ చుట్టుపక్కలది నల్లరేగడి. ఎండలో రాయిలా ఉంటుంది, వాన పడితే చక్రానికి ముద్దగా పట్టుకుంటుంది. దగ్గర దగ్గర గాడులున్న హెచ్.టి. టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టితో పూడి నున్నగా అయిపోతుంది. దిమ్మెల మధ్య ఖాళీ ఎక్కువున్న టైరు తిరుగుతూ ఆ మట్టిని విదిలించుకుంటుంది. అయినా రేగడి లోతుగా నానిందంటే ఎం.టి. కూడా కూరుకుపోతుంది. ఆ రోజు బండి గట్టున పెట్టి నడిచి వెళ్ళడమే తెలివి.

హోసూరు, కృష్ణగిరి వైపు రాళ్ళ నేల. అక్కడ టైరు అడుగు కంటే పక్కగోడ ముందు తెగుతుంది. కాబట్టి పక్కగోడ ఎత్తుగా, గట్టిగా ఉండాలి. 2020లో వచ్చిన థార్‌ను కంపెనీవారే రెండు రకాల చక్రాలతో ఇచ్చారు: 245/75 ఆర్16, 255/65 ఆర్18. మొత్తం ఎత్తులో తేడా ఒకటిన్నర సెంటీమీటరే. పక్కగోడ మాత్రం మొదటిదానిది 184 మి.మీ., రెండవదానిది 166. రెండవది చూపుకు అందం, రాళ్ళలో మొదటిదే మేలు.

యానాం వైపు గోదావరి ఇసుకలో టైరు రకం కంటే గాలి ముఖ్యం. 30 పౌండ్లు ఉన్న గాలిని 18, 20కి దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. అంతకన్నా బాగా దించితే టైరు రిమ్ము నుంచి ఊడిరావచ్చు. తిరిగి రోడ్డెక్కగానే గాలి నింపుకోవాలి. అందుకు బండిలో చిన్న పంపు ఉండాలి. తగ్గిన గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

ఇక కోరాపుట్, రాయగడ. సాలూరు నుంచి సుంకి మీదుగా ఎక్కే ఘాట్ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ వైపు ఒక కుటుంబం ఉందనుకుందాం. వారానికి రెండుసార్లు ఎర్రమట్టి దారిలో తోటకు వెళతారు, పండుగలకు ఘాట్ దిగి విజయనగరం వస్తారు. తోట దారి చూసి ఎం.టి. వేయించుకోవాలనిపిస్తుంది. కానీ తడిసిన తారు మీద ఎం.టి. పట్టు తక్కువ, బ్రేకు వేస్తే బండి దూరం పోయి ఆగుతుంది, రొద కూడా ఎక్కువ. ఏడాదిలో ఎక్కువ కిలోమీటర్లు, ఎక్కువమంది కూర్చునే ప్రయాణాలు తారు మీదే. కనుక వీరికి ఎ.టి. సరిపోతుంది. మట్టిలో చిక్కుకుంటే ఒక పూట పోతుంది. ఘాట్‌లో జారితే ఏం పోతుందో వేరే చెప్పాలా?

పెద్ద టైరు మోజు

కుర్రవాళ్ళకు బండి ఎత్తుగా కనిపించాలి. బొలెరోకు 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 703 నుంచి 733 అవుతుంది. అయితే బండి అడుగు లేచేది అందులో సగం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. మీటరు 60 చూపుతుంటే బండి 62 దాటి పోతూ ఉంటుంది. 31 అంగుళాల టైరు వేస్తే అదే 60కి నిజంగా పోయేది 67. చక్రం పెరిగిన కొద్దీ ఎత్తు ఎక్కడం ఇంజనుకు కష్టం, క్లచ్చి త్వరగా అరుగుతుంది, ఆపడానికి బ్రేకుకు ఎక్కువ బలం కావాలి. ఇంత చేసి సంపాదించేది రెండు వేళ్ళ ఎత్తు కూడా లేదు.

రిమ్ములోనూ ఇదే జాగ్రత్త కావాలి. చక్రాన్ని బయటకు జరిపే వెడల్పు రిమ్ములు, మధ్యలో పెట్టే బిళ్ళలు బేరింగుల మీద భారం పెంచుతాయి. మడ్‌గార్డు దాటి వచ్చిన టైరు చిన్న రాళ్ళను వెనక వచ్చేవారి మీదకు విసురుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఇష్టం వచ్చిన మార్పులకు ఒప్పుకోదు. ఇనుప రిమ్ము దెబ్బ తింటే వంగుతుంది, పల్లెటూరి షాపులోనైనా సాగగొట్టి ఊరు చేరవచ్చు. అల్లాయ్ రిమ్ము గట్టి దెబ్బకు పగలవచ్చు, పగిలితే అక్కడే ఆగిపోవాలి. మారుమూల దారులు తిరిగేవారికి ఇనుపదే నేస్తం.

కొనే రోజున

మొదట తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో చేసినది. నాలుగు టైర్లకూ చూడాలి, ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా చూడాలి.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు అయితే నాలుగూ ఒకే కొలత, ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే లోపలి పళ్ళచక్రాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి పాడవుతాయి. వెనక చక్రాలకే బలం అందే బండికి రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించండి. స్టెప్నీ కూడా అదే కొలతది ఉండాలి.

గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటికి సమానమైతే లోతు 1.6 మి.మీ.కు వచ్చిందని అర్థం. చట్టం ఒప్పుకునే హద్దు అదే. ఘాట్ రోడ్ల మీద తిరిగేవారు 3 మి.మీ. దగ్గరే మార్చుకోవడం మంచిది. గాడి బాగున్నా అయిదేళ్ళు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి, పదేళ్ళు దాటితే తీసేయాలి.

గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు చట్రం దగ్గర చీటీ అంటించి ఉంటుంది. పదిహేను రోజులకొకసారి, ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉండగా చూడండి. ఈ పని ఇంట్లో పెద్ద పిల్లలకు నేర్పితే వారే గుర్తుచేస్తారు.