జీన్స్ కొంటున్నారా? సైజు నంబర్ నమ్మొద్దు

పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలకు డ్యూటీకెళ్లే అమ్మీలు, ఖాలాల్లో పొడుగు కుర్తీ కింద, బుర్ఖా లోపల జీన్స్ వేసుకునేవాళ్లున్నారు. చిక్కల్లా సైజు నంబర్‌తోనే. ఒక బ్రాండ్ 34, ఇంకో బ్రాండ్ 34 ఒకటి కావు. నలభై దాటాక పొట్ట పెరిగినా కాళ్లు అలాగే ఉండొచ్చు. అందుకే ఒళ్లు ఎక్కువున్న చోటికి సరిపోయేదే తీసుకోవాలి. మిగతా చోట వదులైతే సంగారెడ్డిలో ఏ టైలరైనా లోపలికి పట్టి కుడతాడు. బిగుతైతే మాత్రం కష్టం, జీన్స్ కుట్లలో మిగులు గుడ్డ దాదాపు ఉండదు.

బొడ్డు దాకా వచ్చే హై రైజ్ అయితే బస్సెక్కినా, సజ్దాకు వంగినా వెనక జారదు. లేబుల్‌పై 1, 2 శాతం ఎలాస్టేన్ ఉంటే షిఫ్టంతా కూర్చున్నా నడుము దగ్గర ఒరుసుకోదు. షాపులో అద్దం ముందు నిలబడితే చాలదు, ఒకసారి కూర్చుని చూడండి. పొడవు ఉతికాకే కత్తిరించాలి, కాటన్ కాస్త కుంచించుకుపోతుంది.