రొమ్ముల నొప్పి - నెలసరి మార్పులు

40 ఏండ్ల ప్రాయము వరకు ఎన్నడును ఎరుగని నొప్పి యొకటి కొందరు స్త్రీలకు రొమ్ములలో మొదలగును. నెలసరికి వారము, పది దినములు ముందుగా రొమ్ములు బరువెక్కును, తాకినచో నొచ్చును, రవిక బిగుతైనట్లు తోచును, ప్రక్కకు తిరిగి పండుకొనుట కష్టమగును. నెలసరి మొదలైన ఒకటి రెండు దినములలో ఆ బాధ దానంతట అదియే తగ్గును. మరుసటి నెల మరల వచ్చును. అదే కాలమున నెలసరి కూడ వెనుకటి క్రమము తప్పి, ఒకసారి 25 దినములకే వచ్చి, మరియొకసారి 38 దినముల వరకు రాకుండును.

ఇట్టి సమయమున స్త్రీ మనస్సున మొదట మెదలు మాట క్యాన్సరు. ఆ మాట నెవ్వరితోను చెప్పుకొనలేక రాత్రులు నిద్రలేక కుమిలిపోవువారు కొందరు. వేడి చేసినదని తలచి, మజ్జిగ త్రాగి యూరకుండువారు మరికొందరు. ఈ రెండును సరియైన మార్గములు కావు. నెలసరితో వచ్చి నెలసరితో పోవు నొప్పి సాధారణముగా క్యాన్సరు లక్షణము కాదు. క్యాన్సరు గడ్డ పలుమారులు నొప్పి లేకుండగనే పెరుగును. కావున నొప్పి కలిగినదని బెంగపడుట ఎంత అనవసరమో, గడ్డ యున్నను నొప్పి లేదు గదా యని ఉపేక్షించుట అంత ప్రమాదకరము. ఈ భేదము ప్రతి కుటుంబమును తెలిసికొనదగినది.

నొప్పి ఎందుకు కలుగును?

ప్రతి మాసమును స్త్రీ శరీరము గర్భధారణకు సంసిద్ధమగుచుండును. అండాశయముల నుండి వెలువడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ అను రెండు హార్మోనులు ఈ యేర్పాటునకు మూలము. ఇవి గర్భాశయముపై మాత్రమే గాక రొమ్ములపైనను పనిచేయును. వీని ప్రభావమున పాలనాళములును, పాలగ్రంథులును ఉబ్బును. కణజాలమున నీరు చేరును. రాబోవు నెలసరికి సుమారు 14 దినములు ముందు అండము విడుదలయగును. సామాన్యముగా నొప్పి ఆ పిదపనే మొదలై, నెలసరి దగ్గరపడుకొలది హెచ్చును. గర్భము నిలువనిచో హార్మోనులు తగ్గును, నెలసరి వచ్చును, రొమ్ములు తేలికపడును.

ఈ విధమైన నొప్పి తరచుగా రెండు రొమ్ములలోను కలుగును. ఒక వైపున కొంచెము ఎక్కువగా ఉండవచ్చును. రొమ్ము పైభాగమున, చంక వైపున, బరువుగాను సలుపుగాను ఉండును. ఒక్కొక్కప్పుడు చంకలోనికిని, చేతి లోపలి వైపునకును ప్రాకును. ఆ దినములలో తడిమి చూచినచో రొమ్ము పలుకులు పలుకులుగా చేతికి తగులుటయు కలదు. స్త్రీలలో చాలమంది తమ జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధను ఎరిగినవారే. సిగ్గు వలన ఒకరితో నొకరు చెప్పుకొనకపోవుటచేత ప్రతివారును తమ కొక్కరికే వచ్చిన వింత వ్యాధిగా తలపోయుచున్నారు.

40 ఏండ్లు దాటిన పిదప మార్పు లేల?

భారతదేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున ముట్లు ఉడుగును. దీనినే రజోనివృత్తి యందురు. వరుసగా 12 నెలలు నెలసరి రాకున్నప్పుడే అది స్థిరపడినట్లు లెక్క. అయితే ముట్లు ఒక్కనాట ఆగిపోవు. అంతకు కొన్ని యేండ్లు ముందునుండియే అండాశయముల పని క్రమము తప్పును. ఒక మాసము అండము విడుదలయగును, ఒక మాసము కాదు. ఈస్ట్రోజెన్ ఒకప్పుడు మిక్కిలి హెచ్చును, మరియొకప్పుడు పడిపోవును. నెలసరి ముందు వెనుకలగుట, స్రావము హెచ్చుతగ్గులగుట, ఒంటినుండి ఆవిరులు వచ్చినట్లుండుట, నిద్ర చెడుట, చీకాకు, రొమ్ముల నొప్పి ఈ యొడుదొడుకుల వలన కలుగునవే. రజోనివృత్తి స్థిరపడిన పిదప నెలసరిని బట్టి వచ్చు నొప్పి సాధారణముగా మానిపోవును.

కాని ప్రతి మార్పునకును వయస్సే కారణమని నిర్ణయించుకొనరాదు. నెలసరి తప్పి రొమ్ములు నొచ్చుట గర్భధారణకు తొలి గుర్తు కూడ కావచ్చును. 40 దాటిన వారికిని గర్భము రావచ్చును గనుక, మొదట ఆ పరీక్ష చేయించుకొనుట మంచిది. ఆశా కార్యకర్త యొద్ద దొరకు 'నిశ్చయ్' పరీక్ష సాధనముతో ఇంటియొద్దనే మూత్రపరీక్ష చేసికొనవచ్చును. గర్భనిరోధక సాధనముల వలనను మార్పులు కలుగును. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ రూపొందించిన మందుతో తయారగు 'ఛాయ' మాత్రలు వాడువారిలో కొందరికి నెలసరి ఆలస్యమగును. మూడు నెలల కొకసారి వేయు 'అంతర' ఇంజెక్షను వలన స్రావము క్రమము తప్పవచ్చును, ఆగిపోవచ్చును. థైరాయిడ్ గ్రంథి దోషము వలనను ఇట్టి మార్పులు వచ్చును. కావున వాడుచున్న మందులన్నిటిని గూర్చి వైద్యునికి తప్పక తెలుపవలెను.

గోడ క్యాలెండరు చేయు మేలు

వంటయింటి గోడకు వ్రేలాడు క్యాలెండరులో పాల లెక్కయు, గ్యాసు బండ వచ్చిన తేదియు వ్రాసికొనుట అనేక గృహములలో వాడుక. దానియందే నొప్పి లెక్కయు వ్రాసికొనవచ్చును. నెలసరి మొదలైన తేదీ చుట్టు ఒక సున్న, నొప్పి కలిగిన దినమున ఒక గీత, పనికి అడ్డు వచ్చునంత తీవ్రమైనచో రెండు గీతలు గీసిన చాలును. చదువురాని వారును ఈ గుర్తులు పెట్టుకొనవచ్చును. రెండు మూడు మాసములు ఇట్లు చేయవలెను.

ఉదాహరణకు, 43 ఏండ్ల ఇల్లా లొకరి క్యాలెండరున మార్చి 9 మొదలు గీతలుండి, 18న సున్న పడినదనుకొందము. ఏప్రిలులో 4 మొదలు గీతలు, 12న సున్న. మే నెలలో 8 మొదలు గీతలు, 20న సున్న. నెలసరికిని నెలసరికిని మధ్య ఒకసారి 25 దినములు, మరియొకసారి 38 దినములు గడచినవి. అయినను ప్రతి పర్యాయమును గీతలు సున్నకు ముందు మొదలై, సున్న పడిన మరునాటికి నిలిచిపోయినవి. నెలసరి క్రమము తప్పినను నొప్పి దానినే అనుసరించుచున్నదని ఈ క్యాలెండరు ఒక్క చూపులో వైద్యునికి తెలుపును. ఇది నోటి మాటతో చెప్పుట సులభము కాదు.

గీతలు సున్నతో సంబంధము లేక చెదరియున్నచో, ఆ నొప్పికి కారణము వేరుగా నుండవచ్చును. బరువులెత్తుట వలన ఛాతీ కండరములు బెణకుట, ప్రక్కటెముకల కీళ్లు వాచుట మున్నగునవి రొమ్ము నొప్పివలె తోచును. అట్టిదానిని వైద్యునికి చూపవలెను. ఛాతీలో బిగబట్టినట్లు నొప్పి కలిగి, చెమట, ఆయాసము కూడ తోడైనచో గుండె జబ్బేమోనని శంకించి, ఆలస్యము చేయక 108 వాహనమును పిలిపింపవలెను.

ఉపశమనము

ఇది నెలసరి నొప్పియే గాని వేరు కాదని వైద్యుడు చెప్పినంతనే భయము తొలగి సగము బాధ తగ్గినట్లు చెప్పు స్త్రీలు పెక్కుమంది. సరియైన కొలత గల బాడీ ధరించుట మొదటి చికిత్స. వదులైనదియు, మితిమీరి బిగిసినదియు రెండును బాధను పెంచును. నొప్పి యెక్కువగా నున్న దినములలో రాత్రియందు మెత్తని బాడీ ధరించిన హాయిగా నుండును. గోరువెచ్చని నీట ముంచి పిండిన గుడ్డతోగాని, చల్లని గుడ్డతోగాని కాపడము పెట్టవచ్చును. చర్మము కాలునంత వేడి పనికిరాదు. అవసరమైనచో వైద్యుని సలహాపై పారాసిటమాల్ మాత్రలు, పైపూతగా డైక్లోఫినాక్ జెల్ వాడవచ్చును. కాఫీ, టీలు తగ్గించినచో మేలు కలిగినదని కొందరందురు. అది అందరి విషయమున రుజువు కాలేదు. అయినను తగ్గించి చూచుటలో నష్టము లేదు. దీర్ఘకాలము బాధించు తీవ్రమైన నొప్పికి హార్మోనులపై పనిచేయు మందులు కలవు. అవి వైద్యుని పర్యవేక్షణ లేక వాడదగినవి కావు. పొరుగువారికి పనిచేసినవని కొని తెచ్చుకొనరాదు.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

నెలసరి వచ్చిపోయిన తరువాతను రొమ్మునగాని చంకలోగాని గడ్డ తగులుచుండుట; ఒక్కచోటనే, ఒక వైపుననే నొప్పి నిలిచియుండుట; చనుమొన క్రొత్తగా లోనికి లాగికొనిపోవుట; దానినుండి రక్తముగాని, ఒక వైపునుండి నీరుగాని కారుట; చర్మము గుంటపడుట, నారింజ తొక్కవలె గరుకెక్కుట; ఎర్రబడి జ్వరము వచ్చుట - వీనిలో ఏ యొక్కటి కనబడినను వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. గడ్డలలో ఎక్కువ భాగము క్యాన్సరు కావు. అయినను ఏది యేదియో చేతితో తడిమి నిర్ణయింప వీలుకాదు. సూదితో పరీక్షించిన వ్యాధి వ్యాపించునని కొందరు భయపడుదురు. అది అపోహ.

నెలసరి విషయమున కూడ జాగరూకత వలయును. గంట గంటకు గుడ్డ మార్చవలసినంత స్రావము, ఏడు దినములకు మించిన స్రావము, రెండు నెలసరుల నడుమనో, సంభోగానంతరముననో రక్తము కనబడుట, ముట్లు ఉడిగిన పిదప మరల ఒక్క చుక్కయైనను కనబడుట ఉపేక్షింపదగినవి కావు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. అట్టివారికి అధిక రక్తస్రావము మరింత హాని చేయును.

30 మొదలు 65 ఏండ్ల వయస్సు గల స్త్రీలకు అయిదేండ్ల కొకసారి రొమ్ముల పరీక్ష జరుపవలెనని 2016 నాటి జాతీయ మార్గదర్శకములు నిర్దేశించినవి. నొప్పి యున్నను, లేకున్నను ఈ పరీక్షకు వెళ్లదగును. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను దీనిని గూర్చి విచారింపవచ్చును. నెలసరి మొదలైన 7 మొదలు 10 దినములలో రొమ్ములు మెత్తబడియుండును గనుక, పరీక్షకు ఆ దినములు అనుకూలమైనవి. గడ్డ కనబడినచో మాత్రము ఆ దినముల కొరకు వేచియుండక వెంటనే వెళ్లవలెను.

పురుష వైద్యునితో చెప్పుకొన సంకోచించువారు గ్రామమందలి ఏ.ఎన్.ఎం.తోగాని, ఆశా కార్యకర్తతోగాని మొదట మాటలాడవచ్చును. అత్తగారును, భర్తయు ఈ బాధను తేలికగా కొట్టివేయక, ఆమె తోడుగా వైద్యుని యొద్దకు వెళ్లుట ధర్మము. వెళ్లునప్పుడు గోడమీది క్యాలెండరును చుట్టి చేతపట్టుకొని పోవుట మరువరాదు. చెప్పుటకు నోరు రానిచోట ఆ గీతలే చెప్పును.