పండుగకు గోడల రంగు

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట గోడలకు రంగు. అందుకోసం అప్పు చేసే కుటుంబాలు మన సంఘాల్లో లేకపోలేదు. మేమూ ఒకసారి పార్సనేజీ ముందు గదికి ఖరీదైన ఎమల్షన్ వేయించాము. ఈస్టరు నాటికి పెచ్చులుగా ఊడిపోయింది. తప్పు రంగుది కాదు. గోడలో చెమ్మ ఉంది, పాత సున్నం గీకించలేదు. గోడమీద పచ్చని, ఎర్రని చారలు కనబడిన ఇంటిని యాజకుడు ఎలా పరీక్షించాలో, లోపలంతా ఎలా గీకించాలో లేవీయకాండము 14వ అధ్యాయములో ఉంది. దానిమీద ప్రసంగించిన మేమే మరచిపోయాము!

కాబట్టి ముందు నీరు ఎక్కడినుండి దిగుతోందో చూసి ఆపించండి. గోడ బాగా ఆరనివ్వండి. సున్నం, పొడి రాలే డిస్టెంపరు గీకించి, ప్రైమరు ఒక పూత వేయించండి. ఆపైన పడక గదులకు చవక రకం ఎమల్షన్ చాలు. పిల్లల చేతులు తగిలే హాలుకు మాత్రం తడిగుడ్డతో తుడవగలిగే రకం కొనండి.

10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గదిలో తలుపులు, కిటికీలు పోను గోడలు సుమారు 400 చదరపు అడుగులు. నున్నని గోడకు లీటరు రంగు రెండు పూతలకు దాదాపు 100 చదరపు అడుగులు వస్తుంది. నాలుగు లీటర్లు సరిపోతాయి, పెద్ద బకెట్టు అక్కరలేదు. నీళ్లు ఎంత కలపాలో డబ్బామీదే ఉంటుంది. కలిపేటప్పుడు దగ్గర నిలబడండి, పెయింటరు ఏమీ అనుకోడు.

ఈ పండుగకు మేము ముందు గది ఒక్కటే వేయిస్తున్నాము. మిగతావి వచ్చే ఏడు.