గోలకొండ త్రోవలోని పాత వంతెన

మా త్రిపురారము మిర్యాలగూడ ప్రాంతములోనిది. ఈ ప్రాంతముననే వాడపల్లి యొద్ద మూసీనది కృష్ణలో కలియును. అచ్చట సంగమస్నానము చేయు స్త్రీలలో ఎందఱెఱుఁగుదురో కాని, ఆ నీరు హైదరాబాదున 22 కమానుల రాతివంతెన క్రిందుగా వచ్చినదే. దానిని పురానాపూల్ అందురు.

1578లో గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా దీనిని కట్టించెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకు కృతిభర్తయగు మల్కిభరాముఁ డితఁడే. హైదరాబాదు నగర మప్పటికి పుట్టనే లేదు. అది 1591 నాఁటి మాట. మూసీ దక్షిణపు గట్టునుండి కోటకు పోవువారికి ఇదియే త్రోవ. ఫ్రెంచి రత్నవర్తకుఁడు టావెర్నియే దీనిని చూచి, పారిసులోని పొంనెఫ్ వంతెనకు అందమున నించుమించు దీటని వ్రాసినాఁడు. వింత యేమనఁగా, ఆ పారిసు వంతెనకు పని మొదలైనదియు 1578లోనే. రాకుమారుఁడు మహమ్మద్ కులీ భాగమతికై వఱదలో గుఱ్ఱమును దూకించెననియు, తండ్రి వెఱచి వంతెన కట్టించెననియు ఒక కథ కలదు. వినుటకు సొంపైనదే, కాని ఆ బాలునికి అప్పటికి పండ్రెండు పదుమూఁడేండ్లు!

1820 ప్రాంతమున వఱద దెబ్బతీయఁగా సికందర్ జా కాలమున బాగుచేసిరి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి సుమారు 15,000 మందిని పొట్టఁబెట్టుకొన్నది. అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాట్ వంతెనలు మూఁడును తెగెను. గాయపడియు నిలిచినది ఈ ముసలివంతెన యొక్కటియే. పిమ్మట దీనికి మరల మరమ్మతు జరిగెను. ఇన్నేండ్లు బ్రదుకుటకు రాతి బలిమి యొక్కటే కారణము కాదు; దెబ్బతిన్నపుడెల్ల అతికినవా రుండిరి.

ఇపు డతుకవలసినవారు దేనితో అతుకుదురనునదియే చిక్కు. కమానులోని రాళ్లు ఒండొంటిని అదుముకొని నిలుచును. వాని నడుమ నుండునది డంగుసున్నము. తొందరపాటు వారు దానిని గోఁకి సిమెంటు మెత్తుదురు. సిమెంటు గట్టిదే, దాని దోషము నదియే. ఎండకు రాయి పొంగి చలికి ముడుచుకొనునపుడు సున్నము లొంగును, సిమెంటు లొంగదు. లోనికి దిగిన చెమ్మను సున్నము వెలికి వదలును. సిమెంటు లోపలనే బిగఁబట్టి రాతి పెచ్చు లూడునట్లు చేయును.

డంగుసున్నపుఁ బని యించుమించు వంటపని. కాల్చిన సున్నమును నీటఁ జల్లార్చి దినములకొలఁది నాననీయవలెను. పిదప ఇసుకతోఁ గలిపి గానుగలో వెన్నవలె నూఱవలెను. కరక్కాయలు నానిన నీరు, బెల్లము, మారేడు గుజ్జు, మినుములు – మేస్త్రీల వాడుకను బట్టి కలుపుదురు. పూసిన పిమ్మట తడిగోనెలు కప్పవలెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సున్నము మరల రాయి యగుటకు నెలలు పట్టును. 2013 మొదలు గోలకొండ చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధులను ఆగాఖాన్ సంస్థవారు సున్నముతోనే బాగుచేయించిరి. కనుక ఈ పని తెలిసినవారు లేరనుట కుదరదు.

ఇఁక రావిమొక్క. పక్షి రెట్టతో రాతిసందునఁ బడిన విత్తనము మొలచి కట్టడమును చీల్చును. ప్రదక్షిణము చేయు చెట్టును పెఱకుట యెట్లని ముత్తైదువలకు సందేహము. మొదలు నఱికి విడిచినచో వేరు మఱింత లావెక్కును. లేఁతగా నున్నపుడే వేరుతోఁ దీసి నేలలో నాటినచో దోషమును లేదు, వంతెనయు దక్కునని నా యభిప్రాయము.

నా మనసున ముల్లై యున్నది వేఱొకటి. ప్రక్కన క్రొత్త వంతెన వచ్చిన పిమ్మట దీనిమీఁద కూరగాయల యంగళ్లు వెలసినవి. ఆకుకూరల గంప ముందిడుకొని కూర్చుండు స్త్రీకి ఆ రెండు మూరల చోటే జీవనాధారము. బాగుచేయుదుమనఁగానే మొదట లేవఁగొట్టునది ఆమెనే. గుడారపు త్రాళ్లకై రాతిసందులలో మేకులు దింపరాదనుట న్యాయము. కుళ్లిన కూరలతో వాననీటి తూములు పూడఁగొట్టరాదనుటయు న్యాయమే. కాని పని కొన్నికొన్ని కమానుల చొప్పున సాగించి, తక్కిన భాగమున వారిని కూర్చుండనీయవచ్చును గదా! అది పొసఁగదందురా, నదిగట్టున నీడగల చోటు చూపి, ఆ గంపలు అచ్చటికిఁ జేరిన పిదపనే మొదటి రాయి కదల్పవలెను.